ఎలక ఎక్కడ ఆగింది?

జంషెడ్‌పూర్‌లో సాక్చి దాటి సువర్ణరేఖ మీది వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు మాంగో. నగరానికి పేరు తెచ్చిన ఉక్కు కర్మాగారం నదికి ఇవతలే ఉంది. 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధన ప్రయోగశాల కూడా ఇవతలే. మాంగో అంటే ఎక్కువగా ఇళ్ళూ, దుకాణాలూ, డిమ్నా వైపు సాగే రద్దీ రోడ్డూ. తరాల కిందట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొలిమి పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో వేళ్ళూనుకున్నాయి. లోహాన్ని కొలవడం, పరీక్షించడం, ఆ లెక్క రాసి ఉంచడం ఇక్కడ చాలా ఇళ్ళలో రోజువారీ మాట.

అలాంటి చోట ఒక చిన్న కంప్యూటర్ మరమ్మతు దుకాణాన్ని ఊహించుకుందాం. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో చిన్న యూనిట్ నడిపిన ఒక పెద్దాయన అక్కడికి పాత కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చారు. మదర్‌బోర్డు కాలిపోయింది, హార్డ్ డిస్కు బతికే ఉంది. అందులో ఉన్నది లోహపు కడ్డీలను లాగి చూసిన పరీక్షల రికార్డు. కడ్డీని రెండు కొసలా పట్టి లాగితే మొదట కొంత సాగి, వదిలేస్తే మళ్ళీ పూర్వస్థితికి వస్తుంది. ఒక హద్దు దాటాక సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఆ హద్దునే యీల్డ్ పాయింట్ అంటారు. పరీక్ష చేసిన యంత్రం ఎప్పుడో పాతసామాను కొట్టుకు పోయింది. కానీ ఆనాడు సరఫరా చేసిన ఇరుసుల్లో ఒకటి ఇప్పుడు విరిగింది. ఆ బ్యాచ్ ఉక్కు యీల్డ్ పాయింట్ ఎంతో చెప్పమని కొన్నవారు అడుగుతున్నారు. కాగితాలు చెదలు తిన్నాయి. మిగిలింది ఆ డిస్కులోని ఫైళ్ళే. వాటిని చదవగలిగింది 1990ల నాటి ఒక డాస్ ప్రోగ్రాం మాత్రమే.

దుకాణంలోని కుర్రవాడు డిస్కును లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, డాస్ ఎమ్యులేటర్‌లో ఆ ప్రోగ్రాం తెరిచాడు. తెర వచ్చింది. ఫైలు తెరుచుకుంది. బలం ఎంత, సాగుదల ఎంత అనే గీత కూడా తెర మీద గీసుకుంది. ఆ గీత మీద మౌస్‌తో ఒక చోట నొక్కితేనే ప్రోగ్రాం ఆ బిందువు విలువ చెబుతుంది. కీబోర్డుతో ఆ పని చేసే వీలు లేదు. బాణం గుర్తు మాత్రం కదలడం లేదు.

"ఏం బాబూ, ఎలకకి ఇంకా ప్రాణం రాలేదా?"

"లేదు బాబాయ్ గారూ. ఎక్కడ ఆగిందో చూడాలి."

కుర్రవాడి ఆ జవాబులో ఒక శాస్త్రీయ పద్ధతి ఉంది. మన తరగతి గదుల్లో ప్రయోగశాల పుస్తకం నింపించడం మీద ఉన్న శ్రద్ధ ఈ పద్ధతి మీద లేదు. 'పని చేయడం లేదు' అనేది ఫిర్యాదు మాత్రమే. 'ఎక్కడ ఆగింది' అనేది ప్రశ్న. ఫిర్యాదుకు సానుభూతి దొరుకుతుంది, ప్రశ్నకు ప్రయోగం దొరుకుతుంది. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే మౌస్ తోకలోంచి తెర దాకా ఒక కదలిక చేసే ప్రయాణాన్ని కాస్త ఓపికగా చూడాలి.

తోకలో ఏం ప్రవహిస్తుంది?

మౌస్ పుట్టింది 1964లో. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ చేసిన చిన్న చెక్కపెట్టె అది. సొంత కంప్యూటర్ల కాలం వచ్చేసరికి దాన్ని ఎక్కడ తగిలించాలన్న ప్రశ్న వచ్చింది. అప్పటికే చాలా కంప్యూటర్ల వెనుక ఒక సీరియల్ పోర్టు ఉండేది. టెలిఫోన్ మోడెములను కలపడానికి 1960లో వచ్చిన ఆర్‌ఎస్-232 ప్రమాణం ప్రకారం చేసిన ద్వారం అది. మౌస్‌ను అక్కడే తగిలించారు. ప్రత్యేకంగా మౌస్ కోసమే గుండ్రటి పీఎస్/2 రంధ్రం 1987లో వచ్చింది, యూఎస్‌బీ 1990ల మధ్యలో వచ్చింది. అంతవరకూ తొమ్మిది రంధ్రాల ప్లగ్గున్న సీరియల్ మౌస్‌దే రాజ్యం.

ఆ తొమ్మిదింటిలో కరెంటు ఇచ్చే తీగ ఒక్కటీ లేదు. మోడెము తన కరెంటు తానే తెచ్చుకుంటుంది కాబట్టి ప్రమాణం రాసినవారికి ఆ అవసరం తోచలేదు. మరి మౌస్ ఎలా బతుకుతుంది? కంప్యూటర్ 'నేను సిద్ధం' అని చెప్పే డీటీఆర్ తీగ, 'పంపాలనుకుంటున్నాను' అని చెప్పే ఆర్‌టీఎస్ తీగ ఉన్నాయి. ఆ సంకేతాల వోల్టేజీలోంచే మౌస్ తనకు కావలసినంత విద్యుత్తు పీల్చుకుంటుంది. పక్కింటి వీధిదీపం వెలుగులో చదువుకున్నట్టన్నమాట. దీనికి ఒక పర్యవసానం ఉంది. ఆ తీగలను పైకి లేపమని సాఫ్ట్‌వేర్ పోర్టుకు చెప్పకపోతే మౌస్‌లో ప్రాణమే ఉండదు. సీరియల్ మౌస్ విషయంలో సాఫ్ట్‌వేర్ లోపం అచ్చం చచ్చిన వస్తువులాగే కనబడుతుంది.

ఆర్‌టీఎస్ తీగను ఒకసారి దించి లేపితే మైక్రోసాఫ్ట్ పద్ధతి మౌస్ మేల్కొని ఒక్క అక్షరం పంపుతుంది: ఆంగ్లంలో 'ఎమ్'. సంఖ్యగా చెప్పాలంటే 77. 'నేను మౌస్‌ను, ఇక్కడున్నాను' అని చెప్పడమే దాని అర్థం. డ్రైవరు వెదికేది ఆ 77నే. అది రాకపోతే పోర్టుకు ఏదీ తగిలించలేదని తీర్మానించి వెళ్ళిపోతుంది.

ఆ తర్వాత మౌస్ కదిలినప్పుడల్లా మూడేసి బైట్లు వస్తాయి. వేగం సెకనుకు 1200 బిట్లు. ఒక్కో బైటులో ఏడు బిట్లు సమాచారం, ముందొకటి వెనకొకటి హద్దురాళ్ళు, మొత్తం తొమ్మిది. అంటే సెకనుకు దాదాపు 133 బైట్లు, మూడు చొప్పున 44 కబుర్లు. ఇప్పటి మౌస్‌లు సెకనుకు వందల కబుర్లు పంపుతాయి. ఆనాటి తెరలకు 44 చాలు.

కబురు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. బొత్తాం నొక్కకుండా మౌస్‌ను అయిదు మెట్లు కుడికి జరిపితే వచ్చే సంఖ్యలు 64, 5, 0. మొదటి బైటులోని 64 'కబురు ఇక్కడ మొదలవుతోంది' అనే గుర్తు. రెండోది అడ్డం కదలిక, మూడోది నిలువు కదలిక. అదే అయిదు మెట్లు ఎడమకు జరిపితే 67, 59, 0 వస్తాయి. ఎనిమిది బిట్లలో మైనస్ అయిదును 256 నుంచి అయిదు తీసేసి 251గా రాస్తారు. 251 అంటే మూడు 64లు, పైన 59. ఆ మూడు వెళ్ళి మొదటి బైటులో కూర్చుంటుంది, 59 రెండో బైటులోకి వస్తుంది. ఎడమ బొత్తాం నొక్కితే మొదటి బైటుకు 32 కలుస్తుంది, కుడిది నొక్కితే 16. రెండో, మూడో బైట్లు ఎప్పుడూ 64 కంటే తక్కువే. కాబట్టి దారిలో ఒక బైటు జారిపోయినా, 64 గానీ అంతకు పైది గానీ కనబడగానే డ్రైవరు మళ్ళీ లెక్కలో పడగలదు. ఇంత చిన్న వస్తువులో తప్పిపోతే దారి వెదుక్కునే ఏర్పాటు కూడా పెట్టారన్నమాట.

ఇవన్నీ గణిత పాఠంలో రెండో తరగతి వస్తువులుగా మిగిలిపోయే బైనరీ సంఖ్యలే. పాఠంలో అవి మార్కుల కోసం. ఇక్కడ అవి చేతి కింద కదులుతాయి. కుడికి జరిపితే 5, ఎడమకు జరిపితే 59. రుణసంఖ్యను కంప్యూటర్ ఎలా దాచుకుంటుందో చూపడానికి ఇంతకంటే చవకైన ప్రదర్శన దొరకదు.

నమ్మించే కళ

డాస్ ప్రోగ్రాంకు యంత్రం మొత్తం తనదేనన్న నమ్మకం. సీరియల్ పోర్టును నేరుగా ముట్టుకుంటుంది, తెర జ్ఞాపకాన్ని నేరుగా రాస్తుంది. యూనిక్స్ కుటుంబానికి చెందిన లినక్స్‌లో ఇది చెల్లదు. అక్కడ ఏ ప్రోగ్రామూ కెర్నెల్ అనుమతి లేకుండా యంత్రాన్ని తాకకూడదు. ఈ రెంటినీ కలిపే పని ఎమ్యులేటర్‌ది. డాస్ ప్రోగ్రాం పోర్టును తాకబోయిన ప్రతిసారీ మధ్యలో పట్టుకుని, 'ఇదిగో నీ పోర్టు' అని ఒక నకలు చూపిస్తుంది.

ఈ ఆలోచన పాతదే. ఇంటెల్ 1985లో తెచ్చిన 80386 చిప్‌లో పాత 8086 ప్రోగ్రాంలను ఒక కంచె లోపల నడిపే ఏర్పాటు ఉంది. దాన్ని వాడుకుని 1980లలోనే మెర్జ్, వీపీ/ఐఎక్స్ అనే ఉత్పత్తులు యూనిక్స్ మీద డాస్‌ను నడిపాయి. లినక్స్ పుట్టిన మరుసటి ఏడు, 1992లో, మాథియస్ లాట్నర్ డాస్‌ఎమూ మొదలుపెట్టారు. ఆ కంచె సదుపాయం 64 బిట్ల పద్ధతిలో నడిచే కెర్నెల్‌కు అందదు. అందుకే దాని వారసురాలైన డాస్‌ఎమూ2 వేరే దారులు పట్టింది. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ మొదటి నుంచీ ప్రాసెసర్‌ను కూడా సాఫ్ట్‌వేర్‌తోనే అభినయిస్తుంది. మన దేశంలో చాలామంది విద్యార్థులకు డాస్‌బాక్స్ పేరు తెలియకుండానే పరిచయం. బడుల్లో, కాలేజీల్లో టర్బో సీ++ను కొత్త విండోస్ మీద నడిపిన నీలం తెర వెనుక ఉన్నది చాలాసార్లు అదే.

మౌస్ విషయంలో ఎమ్యులేటర్‌కు రెండు దారులున్నాయి. సగం కష్టాలు ఈ రెంటినీ కలగలపడం వల్లే వస్తాయి. మొదటి దారిలో మౌస్ లినక్స్‌దే. అది సీరియలా, యూఎస్‌బీనా అన్నది డాస్‌కు తెలియదు. ప్రోగ్రాం ఇంటరప్ట్ 33 అనే సేవను పిలిచి 'బాణం ఎక్కడుంది' అని అడిగితే, ఎమ్యులేటర్ లినక్స్‌ను అడిగి చెబుతుంది. విడిగా డ్రైవరు అక్కర్లేదు. చాలా ప్రోగ్రాంలకు ఇది చాలు. రెండో దారిలో సీరియల్ పోర్టునే డాస్‌కు అప్పగించాలి. అప్పుడు డాస్ లోపలి డ్రైవరు గానీ, ప్రోగ్రాం గానీ బైట్లను స్వయంగా చదువుకుంటాయి. ప్రోగ్రాం ఇంటరప్ట్ 33ను పట్టించుకోకుండా పోర్టునే తాకే రకమైతే ఈ దారి తప్పదు.

రెండు దారులూ ఒకేసారి తెరిస్తే? పోర్టును డాస్‌కు ఇచ్చి, లోపల డ్రైవరు ఎక్కించి, పైగా ఎమ్యులేటర్ సొంత మౌస్ సేవనూ ఉంచితే? ఒకే ఉత్తరాన్ని ఇద్దరు పోస్టుమాన్లు పంచుకున్నట్టు ఉంటుంది. కొన్ని బైట్లు ఒకరికి, కొన్ని మరొకరికి. బాణం గంతులేస్తుంది, లేదా అసలు కదలదు. పాత ఆటోఎగ్జెక్ ఫైలును చూడకుండా డిస్కుతో పాటు తెచ్చి నడిపేవారికి ఈ ఉచ్చు తరచుగా ఎదురవుతుంది. అందులో ఏ కాలంలోనో రాసిన డ్రైవరు వరుస ఇంకా ఉంటుంది.

మాంగో దుకాణంలో మొదటి దారి పనిచేయలేదు. యూఎస్‌బీ మౌస్ ఎంత కదిపినా ప్రోగ్రాం 'మౌస్ లేదు' అనే అంది. అంటే అది పోర్టునే తాకే రకం. దానితో పాటు వచ్చిన మౌస్ ఎప్పుడో పోయింది. కుర్రవాడు అటక మీది సామానులోంచి మూడు బొత్తాల సీరియల్ మౌస్ ఒకటి తీసి, తుడిచి తగిలించాడు. కంప్యూటర్‌కు సీరియల్ పోర్టు ఉండడం అదృష్టం. ఎమ్యులేటర్ అమరికలో కామ్1 అంటే టీటీవైఎస్0 అని రాశాడు. లినక్స్ తన మొదటి సీరియల్ పోర్టును పిలిచే పేరు అది. ప్రోగ్రాం మళ్ళీ 'మౌస్ లేదు' అంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. కేబులు మారుస్తారు, అమరికలో నాలుగు వరుసలు మారుస్తారు, ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ ఎక్కిస్తారు, కంప్యూటర్ ఆపి వేస్తారు. అన్నీ ఒకే విడతలో. ఒకవేళ పని చేస్తే ఏది చేయించిందో తెలియదు. చేయకపోతే ఏది నిర్దోషో తెలియదు. మందులు పది వేసి జ్వరం తగ్గించుకున్నట్టే. ప్రయోగంలో ఒకసారికి ఒక్క చరరాశినే మార్చాలని పాఠాల్లో చదివినవారు కూడా యంత్రం ముందు కూర్చోగానే ఆ మాట మరిచిపోతారు. కారణం బద్ధకం అనుకోనక్కర్లేదు. వరుస సరిగ్గా ఉందో లేదో తెలియని చోట మనసు తొందరపడుతుంది.

మధ్యలో కొలవడం

మౌస్ నుంచి ప్రోగ్రాం దాకా ఉన్న గొలుసు ఇది: మౌస్, తీగ, పోర్టు చిప్, లినక్స్ కెర్నెల్, ఎమ్యులేటర్, డాస్, ప్రోగ్రాం. ఏడు కొలుకులు. ఒక కొస నుంచి వరుసగా అనుమానిస్తూ పోవడం కంటే మధ్యలో ఒక చోట నిలబడి చూడడం తెలివైన పని. కెర్నెల్ దగ్గర బైట్లు కనబడుతుంటే మొదటి నాలుగూ మంచివి, తప్పు అవతల ఉంది. కనబడకపోతే ఎమ్యులేటర్ జోలికి పోనక్కర్లేదు. ఒక్క కొలతతో సగం గొలుసు నిర్దోషిగా బయటపడుతుంది. కరెంటు పనివాడు టెస్టరు పెట్టేదీ, వైద్యుడు రక్తపరీక్ష రాసేదీ ఇందుకే.

యూనిక్స్‌లో ఈ కొలతకు విడిగా పరికరం కొననక్కర్లేదు. అక్కడ పోర్టు కూడా ఒక ఫైలే. ఎమ్యులేటర్ ఆపేసి, పోర్టును 1200 వేగానికి, ఏడు బిట్లకు అమర్చి, ఆ ఫైలును చదివి సంఖ్యలుగా చూపమని ఒక్క వరుస ఆజ్ఞ ఇస్తే చాలు. మౌస్ కదిపితే తెర మీద సంఖ్యలు దొర్లాలి. పరికరాలను ఫైళ్ళలా చూడాలన్న యూనిక్స్ నిర్ణయం విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. దాచిపెట్టని యంత్రాన్ని ప్రశ్నించడం సులభం.

కుర్రవాడికి మొదట అనుమతి లేదన్న జవాబు వచ్చింది. డెబియన్ తరహా లినక్స్‌లో సీరియల్ పోర్టును తెరవాలంటే వాడుకరి 'డయలౌట్' గుంపులో సభ్యుడై ఉండాలి. మోడెముల కాలం నాటి పేరు అలాగే ఉండిపోయింది. ఆ గుంపులో చేరి, మళ్ళీ లాగిన్ అయి ప్రయత్నిస్తే ఈసారి తెర మీద ఏదో వచ్చింది, కానీ ముక్కలు ముక్కలుగా. పోర్టును అప్పటికే ఇంకెవరో చదువుతున్నారు. అక్షరాల తెర మీద మౌస్‌ను నడిపే జీపీఎం అనే పాత సేవ అది. ఇలా పోర్టును పట్టుకుని కూర్చునేవి ఇంకా ఉంటాయి. సీరియల్ మౌస్‌ను లినక్స్ సొంతం చేసే ఇన్‌పుట్‌అటాచ్ ఒకటి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ వాడితే, అది ఫోను మోడెమేమోనని తలుపు తట్టి చూసే మోడెమ్‌మేనేజర్ మరొకటి. గొడవ రాకుండా 'ఈ పోర్టు నాది' అని తాళం ఫైలు రాసి పెట్టే ఆచారం ఉంది గానీ, అది మర్యాదే తప్ప చట్టం కాదు. తాళం చూడని ప్రోగ్రాం నేరుగా లోపలికి వస్తుంది.

జీపీఎంను ఆపాక సంఖ్యలు తీరుగా రాసాగాయి. కానీ అవి 64లూ 67లూ కావు. పైగా మౌస్ మేల్కొన్నప్పుడు రావలసిన 77 రాలేదు. మౌస్ కదిపినప్పుడల్లా 7 అనే సంఖ్య పదే పదే కనబడింది. రెండు 7ల మధ్య నాలుగేసి సంఖ్యలు. మూడు కాదు, అయిదేసి బైట్ల కబురన్నమాట. ఏడు బిట్లకు బదులు ఎనిమిది బిట్లు చదవమంటే ఆ 7 కాస్తా 135 అయింది.

ఈ సంఖ్య ఒక ఊరి పేరులాంటిది, చదవగానే చిరునామా తెలుస్తుంది. మౌస్ సిస్టమ్స్ అనే కంపెనీ వాడుకలోకి తెచ్చిన వేరే భాషలో కబురుకు అయిదు బైట్లు, బైటుకు ఎనిమిది బిట్లు. ఏ బొత్తామూ నొక్కనప్పుడు మొదటి బైటు 135, ఎడమది నొక్కితే 131. ఆ భాషలో మేల్కొనేటప్పుడు 'ఎమ్' అనే పలకరింపు లేదు. మౌస్ మంచిదే, తీగ మంచిదే, పోర్టు మంచిదే, ఎమ్యులేటర్ మంచిదే. ప్రోగ్రాం ఎదురుచూసే భాష ఒకటి, మౌస్ మాట్లాడే భాష ఇంకొకటి. మూడు బొత్తాల మౌస్‌లలో చాలావాటికి అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. ఒక వైపు 'ఎమ్ఎస్', ఇంకో వైపు 'పీసీ'. అది పీసీ వైపు ఉంది.

బిట్ల లెక్క తప్పడం కూడా ఇలాగే తన గుర్తు తాను వదులుతుంది. ఏడు బిట్ల మౌస్‌ను ఎనిమిది బిట్లుగా చదివితే చివరి హద్దురాయి సమాచారంలో కలిసిపోయి, సంఖ్యలు 128 పెరిగి కనబడవచ్చు. 77 రావలసిన చోట 205. అంకెలు చదవడం అలవాటైన కన్నుకు ఇది తప్పు కాదు, ఆధారం. గోడ మీది తడి మరక చూసి పైపు ఎక్కడ కారుతోందో చెప్పే మేస్త్రీ చేసేదీ ఇదే.

ఇంత శ్రమ ఎందుకు?

పాతది పారేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. వస్తువుల విషయంలో చాలాసార్లు అది సరైన సలహానే. ముప్పై ఏళ్ళ మౌస్ మీద ప్రేమ పెంచుకోవలసిన పని లేదు. కానీ ఇక్కడ కావలసింది మౌస్ కాదు, ఒక ఉక్కు బ్యాచ్ గుణం. విరిగిన ఇరుసు తయారైనప్పుడే బలహీనమా, లేక మోతాదుకు మించిన బరువు మోసి విరిగిందా అన్నది తేలాలంటే ఆనాటి కొలత కావాలి. కొత్త కంప్యూటర్ కొంటే కొత్త కొలతలు వస్తాయి, పాతవి రావు.

బ్రిటన్‌లో 1986లో బీబీసీ ఆధ్వర్యంలో డోమ్స్‌డే ప్రాజెక్టు పేరుతో దేశం మొత్తాన్ని లేజర్ డిస్కుల్లో నమోదు చేశారు. తొమ్మిది శతాబ్దాల కిందట తోలు పుటల మీద రాసిన అసలు డోమ్స్‌డే పుస్తకాన్ని ఇవాళా చదవవచ్చు. లేజర్ డిస్కులు మాత్రం పదిహేను, పదహారేళ్ళకే చదివే యంత్రాలు కరువై మూలపడ్డాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2002లో ఆనాటి యంత్రాన్ని ఎమ్యులేటర్‌గా మళ్ళీ కట్టి వాటిని తెరిచి చూపారు. డిస్కులోని సమాచారం ఒక్కటే సరిపోలేదు. దాన్ని చూపిన యంత్రం ప్రవర్తన, చేతి కింద దొర్లించే ట్రాక్‌బాల్ సహా, తెలియవలసి వచ్చింది. సమాచారం అంటే బైట్లు మాత్రమే కాదని, వాటిని అర్థం చేసుకునే ఏర్పాటు కూడా అందులో భాగమేనని ఆ ఉదంతం రుజువు చేసింది.

మన దేశంలో ఇలాంటి సమాచారం చిన్న యూనిట్లలో, కాలేజీ ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో, నేల పరీక్షా కేంద్రాల్లో చెల్లాచెదురుగా ఉంది. దాన్ని చదివే తెలివి నూనె మరకల చేతులున్న కొద్దిమంది దగ్గర ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. మొదట ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు. మంచి ఆరంభమే. కానీ కొలిచే పరికరాలు, వాటి వెంట వచ్చే సాఫ్ట్‌వేర్ ఆ నాలుగింటిలో లేవు. ఫోను చెడితే ఫోను పోతుంది. పరికరం మాటాడే భాష మరిచిపోతే అది ఆనాటి వరకూ కొలిచిందంతా పోతుంది. ఈ రెండో నష్టానికి ఎక్కడా ఫిర్యాదు పెట్టె లేదు.

ప్రభుత్వ డబ్బుతో కొనే ప్రతి పరీక్షా యంత్రానికి ఫైలు నిర్మాణం, పోర్టు భాష వివరించే పుటలు కొనుగోలు పత్రంలోనే అడగడం కష్టమేమీ కాదు. యంత్రం బతికున్నప్పుడు అమ్మేవాడు నవ్వుతూ ఇస్తాడు, చచ్చాక వెదికినా అమ్మేవాడే ఉండడు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు పాత సీరియల్ మౌస్‌లను తుక్కులో వేసే ముందు ఒక పది దాచుకుంటే, విద్యార్థికి ఒక మధ్యాహ్నం చాలు: మౌస్ కదుపు, బైట్లు రాసుకో, భాష ఏదో కనిపెట్టు. ఇవాళ సీసీ కెమెరా, సౌర ఇన్వర్టరు, నీటి మీటరు మాటాడేది కూడా ఇలాంటి చిన్న చిన్న కబుర్లే. వేగం మారింది, పద్ధతి మారలేదు. డాస్ ఎందుకు నేర్పాలని అడిగేవారికి ఇదే జవాబు. నేర్పేది డాస్ కాదు, గొలుసు మధ్యలో నిలబడి చూడడం.

ఇందులో ఒక చిక్కు ఒప్పుకోవాలి. ఎమ్యులేటర్ చూపే ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? నకలు యంత్రం గీసిన గీత అసలు యంత్రం గీసినట్టే ఉందని ఎవరు చెప్పాలి? బాణం కదిలినంత మాత్రాన దాని కింది విలువ సరైనదని అనుకోకూడదు. ఆ రోజుల్లో అచ్చేసిన ఒక్క పాత సర్టిఫికెట్ ఎక్కడైనా మిగిలితే, అదే ఫైలును ఎమ్యులేటర్‌లో తెరిచి రెండు విలువలూ పోల్చాలి. తూకపురాయి లేకుండా తక్కెడను నమ్మని వర్తకుడి జాగ్రత్త ఇక్కడా కావాలి.

మాంగోలో మీట ఎమ్ఎస్ వైపు జరిగింది. ప్రోగ్రాం మళ్ళీ తెరిస్తే బాణం గీత మీదికి వచ్చింది. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని ముందుకు వంగారు.

"నువ్వు నొక్కకు బాబూ, ఆగు. ఆ మలుపు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నేను చూపిస్తాను."

"ముందు ఇది చూడండి బాబాయ్ గారూ. మీ ఇంట్లో పాత సర్టిఫికెట్ ఒక్కటైనా దొరుకుతుందా?"

"కదమాలో మా తమ్ముడింట్లో పెట్టె ఒకటి ఉండాలి. రేపు వెదికిస్తాను."

కుర్రవాడు తెల్ల టేపు ముక్క చింపి మౌస్ వీపుకు అంటించాడు. దాని మీద పెన్నుతో రాశాడు: మీట ఎమ్ఎస్, 1200, ఏడు బిట్లు, కామ్1, జీపీఎం ఆపాలి.